వేట షాట్‌గన్‌కు క్యామో: ఆకుల బొమ్మ కన్నా ముందు చూడాల్సినవి

బాతుల సీజన్ దగ్గరపడేకొద్దీ అమెరికా తుపాకీ దుకాణాల్లో ఒకే షాట్‌గన్ ఆరేడు వేషాల్లో కనిపిస్తుంది. నల్ల ప్లాస్టిక్ స్టాక్‌తో (భుజానికి ఆనించే వెనక భాగంతో) ఒకటి, రెల్లుగడ్డి బొమ్మతో ఒకటి, చెట్టు బెరడు బొమ్మతో ఇంకొకటి, కంచు రంగు బ్యారెల్‌కి (గొట్టానికి) క్యామో, అంటే చుట్టుపక్కల పరిసరాల్లో కలిసిపోయేలా వేసిన బొమ్మ ఉన్న స్టాక్ తగిలించింది మరొకటి. లోపలి యంత్రమంతా ఒక్కటే. నల్లదానికీ క్యామోదానికీ తేడా మోడల్‌ని బట్టి మారినా, మామూలుగా 100 డాలర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది.

ఆ వంద దేనికి ఇస్తున్నాం? ఇక్కడే చిక్కంతా. ‘క్యామో ఫినిష్’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు దూరి కూర్చున్నాయి. పైకి కనిపించే బొమ్మ ఒకటి. ఆ బొమ్మను లోహానికి అంటిపెట్టుకుని ఉండే పూత రెండోది. ఆ పూత ఎంత మెరుస్తుందన్నది మూడోది. కొనేవాళ్ల కన్ను మొదటిదాని మీద పడుతుంది. తుప్పు కన్ను రెండోదాని మీద, బాతు కన్ను మూడోదాని మీద.

పేర్ల వెనక ఏముంది

బొమ్మల వ్యాపారంలో రెండు పెద్ద పేర్లు మోసీ ఓక్, రియల్‌ట్రీ. రెండూ 1986లోనే మొదలయ్యాయి. మొదటిది మిసిసిప్పీలో, రెండోది జార్జియాలో. ఈ కంపెనీలు తుపాకులు చేయవు. బొమ్మను గీసి, వాడుకునే హక్కును తుపాకీ కంపెనీలకు అమ్ముతాయి. అందుకే బెనెల్లీ మీదా మాస్‌బర్గ్ మీదా ఒకే గడ్డి కనిపిస్తుంది.

ఆ గుంపులో వేటగాళ్లు తరచూ తలుచుకునేవి కొన్నే. బాటమ్‌ల్యాండ్ అంటే ఆకులేవీ లేకుండా ముదురు గోధుమ, నలుపు మచ్చలతో బెరడులా ఉండేది. షాడోగ్రాస్ రకాలూ, మ్యాక్స్ వరసలో వచ్చినవీ రెల్లు, జమ్ము, ఎండిన మొక్కజొన్న దంట్ల బొమ్మలు. ఇవి నీటిపక్షుల వేటకు. అబ్సెషన్, గ్రీన్‌లీఫ్ లాంటివి వసంతకాలపు ఆకుపచ్చ కలిసినవి. వీటిని టర్కీ కోళ్ల వేటకు వాడతారు. రెండు మూడేళ్లకో కొత్త పేరు వస్తుంటుంది. కొత్త పేరు వచ్చిందని పాత బొమ్మ పక్షులకు ఎక్కువగా కనిపించడం మొదలెట్టదు.

40 గజాల లెక్క

బాతు మీద కాల్పుకు 40 గజాలు అంటే దాదాపు 36.6 మీటర్లు బాగా దూరమే. అంత దూరం నుంచి తుపాకీ మీది బొమ్మ ఎంతవరకు బొమ్మలా కనిపిస్తుందో లెక్క కట్టవచ్చు.

ఆరోగ్యమైన మనిషి కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. 36.6 మీటర్ల దూరంలో ఆ కోణం సుమారు 1.06 సెంటీమీటర్లకు సమానం. అంతకన్నా చిన్న గీతలు, ఆకుల ఈనెలు, కొమ్మల నీడలు అన్నీ పక్క రంగుతో కలిసిపోతాయి. ఇది మన కంటి కొలత. పక్షికి రంగులు మనకన్నా ఎక్కువ తెలిసినంత మాత్రాన సన్నటి వివరం కూడా అంతే ఎక్కువ కనిపిస్తుందనుకోకూడదు.

ఇప్పుడు బ్యారెల్ తీసుకోండి. 12 బోర్ గొట్టం లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు, మూతి దగ్గర బయటి వ్యాసం సుమారు 22. ఇందాకటి 1.06 సెంటీమీటర్లను ఒక చుక్క అనుకుంటే, 40 గజాల నుంచి బ్యారెల్ అడ్డంగా రెండు చుక్కల వెడల్పు మాత్రమే. దాని చుట్టుకొలత 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఆరు సెంటీమీటర్ల ఓక్ ఆకు బొమ్మను దాని చుట్టూ చుడితే, ఒక పక్క నుంచి చూసినవాడికి మహా అయితే సగానికి కాస్త ఎక్కువ ఆకే కనిపిస్తుంది. ఫోటోలో అంత ముచ్చటగా ఉన్న ఆకు బ్యారెల్ మీదికొచ్చేసరికి ఉత్త మచ్చ.

కానీ అదే బ్యారెల్ పొడవు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. రెండు చుక్కల వెడల్పుతో అరవై ఏడు చుక్కల పొడవున్న తిన్నని గీత. గడ్డిలోనో కొమ్మల్లోనో అంత నిటారైన గీత అరుదు. అది ముదురా, లేతా, మెరుస్తోందా, కదులుతోందా అన్నవే దూరానికి తెలిసే సంగతులు.

స్టాక్ సంగతి వేరు. దాని ఎత్తు 12, 13 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అక్కడ నాలుగైదు సెంటీమీటర్ల లేత-ముదురు మచ్చలు పని చేస్తాయి. మచ్చలన్నీ మరీ చిన్నవైతే దూరానికి అన్నీ కలిసి ఒకే ముదురు ముద్దగా మారతాయి. దగ్గర్నుంచి ఫోటోలా కనిపించే బొమ్మల మీద పాత వేటగాళ్ల ఫిర్యాదు ఇదే. బాటమ్‌ల్యాండ్ లాంటి మొరటు మచ్చల బొమ్మ ఇన్నేళ్లూ నిలబడిందంటే అందులో పాతకాలపు మోజు ఎంత ఉందో ఈ లెక్క కూడా అంతే ఉంది.

టర్కీ కోడి దగ్గర లెక్క మారుతుంది. అది నేల మీద నడుస్తూ 20 గజాల్లోకి వస్తుంది, కూర్చున్న మనిషి కంటి ఎత్తులోనే ఉంటుంది, ఆగి ఆగి చూస్తుంది. 20 గజాల్లో అదే కోణం అర సెంటీమీటరే. అక్కడ బొమ్మకు నిజంగా విలువ ఉంది.

పక్షి కంటికి ఏం తెలుస్తుంది

మన కంట్లో రంగులు పసిగట్టే కణాలు మూడు రకాలు. పక్షుల్లో నాలుగు. ఊదారంగు దాటి అతినీలలోహిత కాంతి అంచు దాకా వాటికి ఎంతో కొంత తెలుస్తుంది. జింకకు రెండే రకాలు. ఎరుపు, నారింజ రంగులు దానికి ప్రత్యేకంగా కొట్టొచ్చినట్టు కనిపించవు. జింకల వేటగాళ్లు నారింజ చొక్కా వేసుకుని కూడా పని కానిచ్చుకోవడం అందుకే సాధ్యం. బాతుల దగ్గర, టర్కీల దగ్గర ఆ వెసులుబాటు లేదు.

అయితే బాతును బెదరగొట్టేది రంగు తేడా కన్నా తళుకు. చదునైన అద్దం ఎండను ఒకే వైపుకు తిప్పుతుంది. గొట్టం అలా కాదు. దాని గుండ్రని ఒంటి మీద పడిన ఎండ విసనకర్రలా పరుచుకుంటుంది. పైన గుండ్రంగా తిరిగే బాతుల గుంపు ఏదో ఒక చోట ఆ విసనకర్రను దాటక తప్పదు. నునుపుగా నీలిపూత (ఉక్కు మీద రసాయనాలతో తెప్పించే ముదురు ఆక్సైడ్ పొర) పట్టించిన బ్యారెల్‌ను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, తల తిప్పినప్పుడల్లా దాన్ని కాస్త కదిలిస్తే చాలు, ఆ తళుకు ఆకాశమంతా ఊడ్చినట్టు తిరుగుతుంది.

మెరుపు లేని పూత చేసేదల్లా పైపొర గరుకుతో ఆ కాంతిని చెదరగొట్టడమే. ఇక్కడో మెలిక ఉంది: వాన పడినా మంచు కురిసినా ఆ గరుకు సందుల్లోకి నీళ్లు చేరి పైన ఒక నునుపైన పొర కడతాయి. దుకాణంలో మట్టిలా కనిపించిన తుపాకీ తెల్లవారుజామున తడిసి నిగనిగలాడుతుంది. చిక్కగా నూనె రాసినా ఇంతే. బ్యారెల్‌కి నూనె పట్టించి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచేయడం వెనక కారణం అదే.

భుజానికెత్తి గురి పెట్టాక తుపాకీ ఆకాశానికి అడ్డంగా నల్లగానే కనిపిస్తుంది, దాని మీద ఏ బొమ్మ ఉన్నా. అప్పటికి దాక్కునే ఘట్టం అయిపోయింది. బొమ్మ పని చేయాల్సింది అంతకు ముందు, బాతులు రెండు మూడు చుట్లు తిరుగుతూ దిగాలా వద్దా అని తేల్చుకునే నిమిషాల్లో.

పూత ఎలా పడుతుంది, ఎక్కడ చెడుతుంది

ఫ్యాక్టరీ క్యామో తుపాకుల్లో చాలావాటి మీద బొమ్మ నీటి ముంపు పద్ధతిలో ఎక్కించిందే. అక్కడివాళ్లు దాన్ని హైడ్రోడిప్ అంటారు. బొమ్మను నీటిలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్ పొర మీద ముద్రిస్తారు. తుపాకీ భాగాన్ని జిడ్డు లేకుండా కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, దానిపై బొమ్మకు సరిపోయే అడుగు రంగు వేస్తారు. ఈ అడుగు రంగును చాలామంది పట్టించుకోరు గానీ ఆఖరి ఛాయను తేల్చేది అదే. ముద్రణ సిరా పలుచన, అడుగున ఉన్నది పైకి తొంగిచూస్తుంది. ఒకే గడ్డి బొమ్మ లేత ఇసుక రంగు మీద ఎండుగడ్డిలా, ముదురు గోధుమ మీద తడి గడ్డిలా వస్తుంది.

తర్వాత 30 డిగ్రీల దగ్గర ఉన్న నీటి తొట్టిలో ఆ పొరను పరుస్తారు. నిమిషం పాటు నీరు పీల్చుకున్నాక దాని మీద యాక్టివేటర్ అనే ద్రావకాన్ని చల్లితే, కొన్ని సెకన్లలో సిరా నీటి మీద తేలే రంగు పొరగా మారుతుంది. అప్పుడు భాగాన్ని ఏటవాలుగా, ఆగకుండా, ఒకే వేగంతో ముంచాలి. నీటి ఒత్తిడి సిరాను అన్ని వైపులా అద్దుతుంది. పైకి తీసే ముందు మిగిలిన పొరను నీటి మీది నుంచి పక్కకు నెట్టాలి, లేకపోతే అదీ వచ్చి అంటుకుంటుంది. బంకగా ఉండే ఆల్కహాల్ పొరను గోరువెచ్చటి నీటితో పూర్తిగా కడిగి, ఆరబెట్టి, మెరుపు లేని పారదర్శక పూత వేస్తే పని అయినట్టు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలిస్తే దుకాణంలోనే పట్టుకోవచ్చు. ద్రావకం ఎక్కువైతే గీతలు కారిపోయి మసకబారతాయి. తక్కువైతే పొర చిరిగి, తర్వాత పెళ్లలుగా లేస్తుంది. గాలి బుడగ చిక్కిన చోట సూదిమొనంత అడుగు రంగు మిగులుతుంది. ముంచే కోణం చెడితే ఆకు సాగి నాలికలా అవుతుంది. బంకను సరిగా కడక్కపోతే పారదర్శక పూత కింద పాలచుక్క వేసినట్టు తెల్లబారుతుంది. చూడాల్సిన మొదటి చోటు బ్యారెల్ పైన నిలబడే గాలి సందుల రిబ్ అడుగుభాగం. అక్కడికి సిరా చేరడం కష్టం. ట్రిగ్గర్ గార్డు లోపలి అంచూ అంతే.

సెరాకోట్ మరో దారి. ఇది బొమ్మ కాదు, ఓరెగాన్‌లో తయారయ్యే సిరామిక్ కలిసిన పాలిమర్ పూత. లోహం మీద పాత పూతంతా అల్యూమినియం ఆక్సైడ్ రజనుతో కొట్టి తీసేసి, స్ప్రే చేసి, ఓవెన్‌లో కాల్చే రకాన్ని సుమారు 121 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచుతారు. కాల్చడానికి ముందు భాగాలను ఒకసారి వేడిచేసి లోపలి నూనెను చెమటలా బయటికి రప్పించాలి. రిబ్ అతుకుల్లో దాగిన చుక్క నూనె ఓవెన్‌లో బయటికొస్తే పూత మీద చేపకన్నులాంటి గుంటలు పడతాయి. ప్లాస్టిక్ స్టాక్ 121 డిగ్రీలు తట్టుకోదు. దానికి తక్కువ వేడి, ఎక్కువ సమయం.

ఈ పూత మందం సుమారు 25 మైక్రాన్లు. తక్కువే అనిపిస్తుంది. కానీ రంధ్రానికి రెండు వైపులా పడుతుంది కాబట్టి పిన్ను రంధ్రం వ్యాసం 0.05 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మూడు రంగుల స్టెన్సిల్ బొమ్మ వేయిస్తే, రంగులు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట 75 మైక్రాన్లు. అందుకే చోక్ (బ్యారెల్ మూతిలో బిగించే చిన్న గొట్టం) మరలు, మ్యాగజైన్ మరలు, బోల్టు (తూటాను లోపలికి నెట్టే ముక్క) జారే దారులు, గ్యాస్‌తో పనిచేసే తుపాకీలో గ్యాస్ రంధ్రాలు, తూటా కూర్చునే చాంబరు, గొట్టం లోపల అన్నీ మూసి పూత వేస్తారు. మూయడం మరిచిన తుపాకీ చూడ్డానికి బాగుంటుంది, రెండో తూటా మాత్రం ఎక్కదు.

జంట గొట్టాల తుపాకీ తెచ్చి రంగు మార్చమనేవాళ్లకు ఒక సంగతి తెలియాలి. ఆ రెండు గొట్టాలనూ రిబ్బునూ కలిపేది చాలావరకు మెత్తటి తగరం-సీసం టంకం. అది సుమారు 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. సెరాకోట్ వేడికి ఇబ్బంది లేదు. ప్రమాదం వేడి ఉప్పుల నీలిపూతతో. దాని ఉష్ణోగ్రత 140 డిగ్రీల చుట్టుపక్కలే అయినా, అందులోని ఘాటు క్షారం టంకాన్ని తినేస్తుంది. అల్యూమినియం రిసీవర్‌ను (బోల్టు, ట్రిగ్గర్ ఉండే నడిమి పెట్టెను) కూడా.

ఇక తాత్కాలిక దారులు రెండు. అతికే వినైల్ తొడుగులు వేడిగాలితో ఒదిగిస్తే రిసీవర్ మీద చక్కగా కూర్చుంటాయి, రిబ్ దగ్గరే ముడతలు పడతాయి. గుడ్డ టేపు ఇంకా తేలిక, సీజన్ అయ్యాక విప్పేయొచ్చు. విప్పడమే ముఖ్యం. తడి టేపును వారాల తరబడి బ్యారెల్‌కి వదిలేస్తే దాని కింద చుట్లు చుట్లుగా తుప్పు పడుతుంది, టేపు గుర్తు జీవితాంతం ఉంటుంది. స్ప్రే డబ్బా రంగు అన్నిటికన్నా చవక. అరచేతి రాపిడికి ఏడాదిలో పోతుంది, మళ్లీ వేసుకుంటారు. పాత పంప్ తుపాకీకి (ముందు పట్టును వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేదానికి) దీన్ని మించింది లేదని వాదించేవాళ్లు చాలామంది, వాళ్ల వాదనలో బలం ఉంది.

క్యామో తుపాకీ తుప్పు పట్టదా?

బయట పట్టదు, లేదా నిదానంగా పడుతుంది. నీలిపూత అంటే లోహం మీద పలుచటి ఆక్సైడ్ పొర, నూనె లేకపోతే అది ఉప్పుగాలికి ఆగదు. ముంపు పొర, పారదర్శక పూత, సెరాకోట్ ఇవన్నీ లోహాన్ని గాలి నుంచి వేరు చేసే గోడలు. చిక్కు ఆ గోడ ఆగిపోయే చోట. ఫోరెండ్ అంటే ముందు చేతిపట్టు. దాని కింద దాగే మ్యాగజైన్ గొట్టానికి, బ్యారెల్ కింది ఉంగరానికి, చోక్ మరలకు, బోల్టుకు, ట్రిగ్గర్ స్ప్రింగులకు బయటి బొమ్మతో సంబంధం లేదు. పైన ఆకులు పచ్చగా ఉండగానే లోపల ఎర్రగా తుప్పు ఉండటం కొత్తేం కాదు. ఉప్పునీటి బాడవలో తిరిగొచ్చిన తుపాకీ చోక్‌ను సీజన్ అంతా విప్పకపోతే మరలు పట్టేసి రెంచికి కూడా లొంగదు.

పూతకు రసాయన శత్రువులూ ఉన్నారు. దోమల మందుల్లో వాడే డీట్ ప్లాస్టిక్‌ను, ముంపు పూతల్ని మెత్తబరుస్తుంది. చేతులకు రాసుకుని స్టాక్ పట్టుకుంటే వేలిముద్రలు బొమ్మలోకి దిగిపోతాయి. గొట్టం శుభ్రం చేసే ఘాటు ద్రావకం మూతి నుంచి కారి బయటి పొరను లేపుతుంది. అసిటోన్ అయితే చెప్పక్కర్లేదు.

మూడు చోట్లు, మూడు ఎంపికలు

ఆర్కన్సాలోని స్టట్‌గార్ట్ చుట్టుపక్కల వరి పొలాలు, నీట మునిగిన ఓక్ అడవులు. వేటగాడు మోకాలి లోతు నీటిలో చెట్టుకు ఆనుకుని నిలబడతాడు. చుట్టూ నిలువు మానులు, తడి బెరడు, నీడ. అక్కడ లేత గడ్డి బొమ్మ పట్టుకుంటే చీకటి గదిలో తెల్ల కర్ర పట్టుకున్నట్టే. బాటమ్‌ల్యాండ్ గానీ, మునిగిన అడవి బొమ్మలు గానీ, ఆ మాటకొస్తే మెరుపు లేని ఉత్త ముదురు గోధుమ గానీ సరిపోతుంది. మంచినీరే కాబట్టి పూత విషయంలో కాస్త తీరిక.

టెక్సాస్, లూసియానా తీరపు ఉప్పు బాడవలు దీనికి సరిగ్గా వ్యతిరేకం. డిసెంబరుకల్లా గడ్డి ఎండి లేత పసుపు, ఎండ సూటిగా పడుతుంది, గాల్లోనే ఉప్పు. నల్ల తుపాకీ ఎక్కువగా బయటపడేది ఇక్కడే, ముదురు గీతలా. కంచు లేదా మట్టి రంగు సెరాకోట్ లోహం, గడ్డి బొమ్మ స్టాక్ కలిపి అమ్మే మోడళ్లు ఈ చోటికి అతుకుతాయి. బ్యారెల్ వెడల్పు రెండు చుక్కలే అన్న లెక్క గుర్తుంటే, లోహానికి బొమ్మ అక్కర్లేదు, సరైన ఛాయ చాలన్న సంగతి అర్థమవుతుంది.

మూడోది వసంతకాలపు టర్కీ వేట. దక్షిణాన సీజన్ మార్చిలో మొదలయ్యేసరికి అడవి ఇంకా గోధుమ రంగే. ఉత్తరాన మే నెలకు పచ్చగా నిండిపోతుంది. ఒకే బొమ్మ రెండు చోట్లా నప్పదు. ఏప్రిల్ నడుమ వేటాడేవారికి కాస్త పచ్చ కలిసిన గోధుమ బొమ్మ రెండు వైపులా సర్దుకుంటుంది. ఇక్కడ కదలిక మీదే ఆట కాబట్టి 24 అంగుళాలో, అంతకన్నా తక్కువో ఉన్న బ్యారెల్ ఎంచుకుంటారు.

ఈ మూడింటికీ ఒకే తుపాకీ వాడేవారికి తేలికైన పరీక్ష ఒకటుంది. వేటాడే చోటే, ఖాళీ తుపాకీని పొదకు ఆనించి 40 అంగలు వెనక్కి నడిచి, ఫోన్‌తో నలుపు-తెలుపు ఫోటో తీయడం. రంగు పోయాక మిగిలేది ఛాయ ఒక్కటే. తుపాకీ చుట్టుపక్కలకన్నా తేలిపోయి కనిపిస్తోందా, ముదిరి కనిపిస్తోందా అన్నది అందులో దాగదు. మధ్యస్థమైన మట్టి-గోధుమ ఛాయ ఎక్కువ చోట్ల ఇమిడిపోతుంది.

నల్లది చాలదా అన్న వాదన

నల్ల సింథటిక్ తుపాకీని సమర్థించేవాళ్ల మాట ఇది: బాతులు బెదిరేది పైకెత్తిన తెల్లటి ముఖాన్ని చూసి, కదిలే చేతుల్ని చూసి, తుపాకీని చూసి కాదు. తుపాకీ గడ్డి గుడిసె లోపల ఉంటే దాని రంగుతో పనేముంది? ఆ వంద డాలర్లకు తూటాలు కొని ప్రాక్టీసు చేస్తే ఎక్కువ బాతులు పడతాయి. గుడిసెలో, గోతిలో వేటాడేవారి విషయంలో ఇది దాదాపు పూర్తిగా నిజం.

అవతలివాళ్ల మాట కూడా తీసేయలేం. గుడిసె లేకుండా గడ్డిలో పడుకునేవారికి తుపాకీ బయటే ఉంటుంది. పైగా వాళ్లలో చాలామంది క్యామో కొనేది బొమ్మ కోసం కాదు, బ్యారెల్ మీద అదనంగా వచ్చే ఆ రక్షణ పొర కోసం. ముంపు పొర ఉన్న తుపాకీ పడవ అడుగున వాన నీటిలో పడి ఉన్నా మామూలు నీలిపూతంత తొందరగా చెడదు.

క్యామోకు ఖర్చు కాక వేరే నష్టాలు ఉన్నాయి. ఎండుటాకుల్లో పెట్టి నాలుగడుగులు వేసొస్తే తుపాకీ ఎక్కడుందో మనకే కనిపించదు. టర్కీ అడవిలో తోటి వేటగాడికీ కనిపించం. మగ టర్కీ తల మీద ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి కాబట్టి ఆ రంగులు ఒంటి మీద గానీ తుపాకీ మీద గానీ కనపడనీయొద్దని భద్రతా పాఠాల్లో చెబుతారు. చోటు మారేటప్పుడు నారింజ గుడ్డ కట్టుకోమనేదీ అందుకే. మళ్లీ అమ్మేటప్పుడు నల్లది ఎవరికైనా నచ్చుతుంది, గడ్డి బొమ్మది గడ్డిలో వేటాడేవాడికే.

చట్టం తగిలే చోట్లు

అమెరికాలో తుపాకీని పూతకు ఇచ్చి వదిలి రావాలంటే ఆ దుకాణానికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. కార్లకు ముంపు బొమ్మలు వేసే షెడ్డులో చవకగా అవుతుందని ఇచ్చి రావడం కుదరదు. విడదీసిన స్టాక్, ఫోరెండ్ మాత్రం తుపాకీ కిందకు రావు, వాటికి ఈ ఇబ్బంది లేదు. రిసీవర్ మీది సీరియల్ నంబరు చెరిగిన తుపాకీ దగ్గరుండటం నేరం కాబట్టి, రజను కొట్టేటప్పుడు ఆ అంకెల్ని కాపాడాలి. పూత వేశాక గోరు పెట్టి తడిమితే అంకెల గాడి తగలాలి, కంటికి చదవడానికి రావాలి.

హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తెలుగువాళ్లు పూత కన్నా ముందు చూసుకోవాల్సిన గీత ఇంకొకటి. ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి వీసా ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. అది ఏటా గడువు తీరే కాగితమైతే మినహాయింపు కూడా ఆ తేదీతోనే తీరుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిబంధన వర్తించదు.

మన దగ్గర సంగతి సూటిగానే ఉంది. చలికాలంలో కొల్లేటికి వచ్చే పరజ బాతుల మీదికి ఏ రంగు తుపాకీతోనూ వెళ్లడానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వేట నిషిద్ధం, 1999 నుంచి కొల్లేరు అభయారణ్యం. లైసెన్సు ఉన్న పాత తుపాకీకి పూత మార్పించుకునేవారికి 1959 నాటి ఆయుధాల చట్టంలోని 8వ సెక్షన్ గుర్తుండాలి: తుపాకీ మీది పేరునూ నంబరునూ చెరపడం, మార్చడం నేరం. ఎన్నోసార్లు మెరుగు పట్టి సగం అరిగిన అంకెల మీద రజను కొట్టించి, పైన మూడు పొరల రంగు వేయిస్తే, లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరు తుపాకీ మీద కనిపించకుండా పోతుంది.